తీపి నిర్మూలన సంఘం

ఇప్పచెట్లకూ తేనెపట్లకూ కొదవలేని పెద్ద అడవి ఒకటి. అక్కడి మృగరాజుకు పంటినొప్పి వచ్చింది. కొంగ వైద్యుడు తన పొడుగు ముక్కు రాజుగారి నోట్లో పెట్టి చూసి, క్షేమంగా బయటికి తీసుకున్నాడు.

"ప్రభూ, నాలుగు దవడపళ్లు పుచ్చిపోయాయి. తమరు తేనె మానాలి."

రాజుగారు ఆలోచించారు. "నేనొక్కణ్ణే మానితే ఏం బాగుంటుంది? ముందు అడవంతా మాననీ."

మర్నాడే తీపి నిర్మూలన సంఘం వెలసింది. ఎలుగుబంటి భద్రప్ప అధ్యక్షుడు, నక్క నీలకంఠం కార్యదర్శి.

"ఎలుగుబంటా?" అని కుందేలు నోరెళ్లబెట్టింది.

"తేనె గురించి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు?" అన్నాడు నీలకంఠం.

ప్రతి ఇంటివాళ్లూ తమ తేనెపట్టు ఆఫీసులో అప్పగించాలి. అధ్యక్షులవారు రుచి చూస్తారు. తియ్యగా ఉంటే స్వాధీనం, చేదుగా ఉంటే వాపసు. నెల తిరిగినా ఒక్క పట్టూ వాపసు రాలేదు. వాటిలో మేలైనది రోజూ రాజుగారి గుహకు 'పరిశీలనార్థం' వెళ్లేది.

ఆ రోజుల్లోనే కొండముచ్చు పుల్లమ్మ ఆఫీసు మెట్లెక్కింది. దాచుకున్న తేనె తిని తిని ఒళ్లు బరువెక్కి, కొమ్మ అందక రెండుసార్లు కింద పడింది. రెండోసారి పొట్టను కరుచుకున్న మనవరాలు కూడా పడింది. పసిదాని చెయ్యి విరిగింది.

"అయ్యా, నేను నిజంగానే మానాలి. తేనె వాసన తగిలితే కాళ్లు అటే లాగుతున్నాయి. ఏదైనా దారి చెప్పండి."

"ముందు నువ్వు తీపి తింటున్నట్టు ధ్రువపత్రం తే" అన్నాడు నీలకంఠం.

"తింటున్నానని నేనే చెబుతున్నా కదయ్యా!"

"నువ్వు చెబితే చాలదు. ఇద్దరు సాక్షులు కావాలి."

లోపలి నుంచి భద్రప్ప మూతి నాక్కుంటూ వచ్చాడు. "నిగ్రహం ఉండాలమ్మా. నన్ను చూసి నేర్చుకో."

పుల్లమ్మ ఇంటికెళ్లి తన తంటాలు తనే పడింది. మూడు రోజులు తల పగిలిపోయింది. కోడలి మీద ఊరికే అరిచింది. నాలుగో రోజు ఏడ్చింది. నోరు లాగినప్పుడల్లా ఒక ఉసిరికాయ కొరికి, వాగు దాకా నడిచి నీళ్లు తాగొచ్చేది. ఒకరోజు ఆగలేక గుప్పెడు ఇప్పపువ్వు తినేసింది. మర్నాడు మళ్లీ మొదలుపెట్టింది. నెలన్నరకు మేడిపండే తియ్యగా తోచింది. కొమ్మలు మళ్లీ అందాయి. మనవరాలు భయంభయంగానే పొట్టను కరుచుకుంది.

అది చూసి మిగతావాళ్లూ ఉసిరికాయలు పట్టారు. పట్లు కొట్టేవాళ్లు లేరు. ఆఫీసుకు తేనె రావడం ఆగింది. భద్రప్ప ఖాళీ పట్లను నాకసాగాడు.

"ఇప్పుడెలా నీలకంఠం?"

"అందరూ మానేస్తే మన సంఘం దేనికంటారండీ. అదీ ప్రమాదం!"

వెంటనే ఉత్తర్వు వెలువడింది: అనుమతి లేకుండా తీపి మానడం నేరం. ప్రతి ఇల్లూ నెలకో పట్టు కొట్టి తేవాలి. మొదటి ముద్దాయి పుల్లమ్మ. వార్షికోత్సవం నాడు రాజుగారి ఎదుట శిక్ష వేస్తారట.

ఉత్తర్వుకు జడిసి అడవి తెచ్చిన పట్లన్నీ భద్రప్ప ఆవురావురుమంటూ ఒక్కపూటలో ఖాళీ చేసి, అలాగే పూలదండ వేసుకుని సభకు వచ్చాడు.

"సోదరులారా! నేను తేనె ముఖం చూసి ఏడాదైంది..."

అంతలో ఆఫీసు గుమ్మం నుంచి చీమల బారొకటి బయల్దేరింది. వేదిక ఎక్కింది, అధ్యక్షులవారి కాలు ఎక్కింది, బొచ్చులో అంటుకున్న తేనె దగ్గర పనిలో దిగింది. వెనకే ఇంకో రెండు బార్లు. భద్రప్ప గోక్కున్నాడు, గెంతాడు, దండ తెంపుకున్నాడు, చివరికి కెవ్వుమని వాగులో దూకాడు.

అడవంతా విరగబడి నవ్వింది. శిక్ష సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పుల్లమ్మ మనవరాల్ని ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది.

రాజుగారు విచారణ జరిపించారు. పిలవని సభకు వచ్చినందుకు చీమలను అడవి నుంచి బహిష్కరించారు. చీమలు వెళ్లలేదు. వాటికి చదవడం రాదు. ముఖం వాచిన భద్రప్ప రాజీనామా చేశాడు, ఆ కుర్చీలో నీలకంఠం కూర్చున్నాడు.

నీతి: సొంత నాలుకను ఏలుకోవడం చేతకాకపోతే దిగులు పడకండి, ఊరి నాలుకలన్నిటికీ అధ్యక్షులు కావచ్చు.