రేపుగారి ఇంటికి కొత్త లైను

ఇంటికి వచ్చే ఇంటర్నెట్ కంపెనీ నచ్చకపోతే మరో కంపెనీకి మారిపోయే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని పెద్దలు ప్రకటించి చాలాకాలమైంది. ప్రకటన చదివి అందరూ సంతోషించారు. సంతోషించి ఊరుకోకుండా ఆ హక్కును వాడుకోబోయిన అమాయకుడు ఒకరే కనిపించారు. ఆయన కథే ఇది.

ఆయన నీటి సరఫరా కార్యాలయంలో ఫిర్యాదుల గుమస్తా. రెండో నంబరు కిటికీ వెనక ఇరవై రెండేళ్ళుగా కూర్చుంటున్నారు. కుళాయి రావడం లేదని ఎవరొచ్చినా కాగితం పుచ్చుకుని, తేదీ ముద్ర గుద్ది, "రేపు రండి" అంటారు. విసుక్కోరు, కసురుకోరు. వచ్చినవారు ఖాళీ చేతులతో పోతూ కూడా ఎంత మర్యాదస్థుడని మెచ్చుకుంటూ పోతారు. అందుకే జనం ఆయన అసలు పేరు మరిచిపోయి రేపుగారు అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన దాన్ని బిరుదుగానే స్వీకరించారు.

అలాంటి మనిషికి కంపెనీ మార్చే అవసరం భార్య వల్ల వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఆవిడ ఇంటినుంచి చేసే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంది. ఫోనులో జనంతో మాట్లాడే ఉద్యోగం. ఏ కంపెనీ తరఫున మాట్లాడాలో చేరాక చెబుతారట. ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. మొదటి ప్రశ్నకి ఆవిడ నోరు తెరిచింది, నెట్ ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే పదకొండు నిమిషాలు తెరమీద నిలిచిపోయింది. "మీ నిబ్బరం మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది. అయితే ఇది మాట్లాడే ఉద్యోగం" అని వాళ్ళు జవాబు రాశారు. బతిమాలితే వచ్చే శుక్రవారం పదకొండు గంటలకి మరో అవకాశం ఇచ్చారు. ఇదే ఆఖరన్నారు.

"ఇన్నేళ్ళకి నాకంటూ ఒక పని దొరకబోతోందండి. శుక్రవారం కూడా లైను పోయిందంటే, ఆ తెరమీద మొహమే ఇంట్లోనూ పెట్టుకుని కూర్చుంటాను. తర్వాత మీ ఇష్టం" అంది ఆవిడ.

ఆవిడ కోపాన్ని రేపుగారు భరించగలరు. ఆ మొహాన్ని మాత్రం పదకొండు నిమిషాలు చూసి ఉన్నారు. పైగా ఆవిడంటే ఆయనకి నిజంగా ప్రేమ. ఆ ఉద్యోగం వస్తే బాగుండునని ఆవిడకంటే ఆయనకే ఎక్కువ ఆశ.

సోమవారం పాత కంపెనీకి ఫోను చేశారు. కనెక్షన్ కావాలంటే ఒకటి నొక్కమన్నారు. ఇంకో కనెక్షన్ కావాలంటే రెండు నొక్కమన్నారు. వద్దనుకుంటే మళ్ళీ మొదటినుంచి వినమన్నారు. నలభై నిమిషాల వేణునాదం తర్వాత వీడ్కోలు విభాగం పలికింది.

"సార్, మిమ్మల్ని పోగొట్టుకోవడమనే మాటకే మా సంస్థ కన్నీళ్ళు పెట్టుకుంటోంది. పద్నాలుగేళ్ళుగా మీరు మా కుటుంబ సభ్యులు. మీ నెట్ ఆగినప్పుడల్లా ఇక్కడ మా గుండెలు ఆగాయి. అయినా వెళ్ళదలచుకున్నవారిని ఆపడం మా సంస్కృతి కాదు. మా నెట్ పెట్టె మాకు అప్పగించగానే లైను తీసేస్తాము. లైను తీసేయగానే పెట్టె పట్టుకెళ్ళడానికి మనిషిని పంపిస్తాము. మీ ఓపికకు ధన్యవాదాలు."

రేపుగారు ఆ మాటలు రెండుసార్లు చెప్పించుకున్నారు. మొదటిసారి అర్థంకాక, రెండోసారి ఆనందం పట్టలేక. ఇరవై రెండేళ్ళుగా ఒక్క 'రేపు'తో నెట్టుకొచ్చారే గాని, మనిషిని నిలబెట్టిన చోటే గుండ్రంగా తిప్పే ఈ విద్య ఆయనకి ఏనాడూ తట్టలేదు. తాడి తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఒప్పుకుని, ఆఫీసులో పనికొస్తుందని కాగితం మీద రాసుకున్నారు.

కొత్త కంపెనీవారు ఇంకా ఉత్సాహవంతులు. ఇరవై నాలుగు గంటల్లో లైను ఇచ్చేస్తామన్నారు. ఆ గంటలు తమ పనిగంటలనీ, అవి రోజుకి మూడేననీ రెండో ఫోనులో తెలిసింది.

"అంటే ఎనిమిది రోజులు కదమ్మా?"

"కాదు సార్, ఇరవై నాలుగు గంటలే."

ఆయన పొంగిపోయి మళ్ళీ కాగితం తీశారు. భార్య ఆ కాగితాన్నీ, ఫోన్నీ కూడా లాక్కుంది. అప్పటినుంచి రెండు కంపెనీలతోనూ ఆవిడే మాట్లాడింది. అన్నం కలుపుతూ, బట్టలు ఆరేస్తూ, చెవికి ఫోను అంటించుకునే తిరిగింది. ఈ కంపెనీ అన్న మాట ఆ కంపెనీకీ, ఆ కంపెనీ అన్న మాట ఈ కంపెనీకీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. ఆ దెబ్బకి బుధవారం ఒక లైన్‌మన్ నీలం చొక్కాతో వచ్చి, గోడలోంచి తీగ ఊడబెరికి, పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళాడు. గురువారం కొత్త కంపెనీ తరఫున ఎర్రచొక్కాతో అతనే వచ్చాడు.

"నిన్న వచ్చింది మీరే కదా?" అన్నారు రేపుగారు.

"ఆయన పాత కంపెనీ మనిషండి. నేను కొత్త కంపెనీ."

"మొహం చూస్తే..."

"ఆయనకీ నాకూ మాటల్లేవండి" అంటూ అతను వేలాడుతున్న తీగ కొస పట్టుకుని చూసి పెదవి విరిచాడు. "ఎవడు పీకాడో గాని, పని తెలిసినవాడిలా లేడు."

అదే కన్నంలో అదే తీగ దూర్చాడు. సంచిలోంచి అదే పెట్టె తీసి, పాత కంపెనీ పేరు మీద కొత్త కంపెనీ పేరు అంటించాడు. పెట్టెమీద ఎర్రదీపం వెలిగింది. పచ్చదీపం వెలిగితే నెట్ వచ్చినట్టట. దానికి వీధి చివర స్తంభం మీద ఒక మీట నొక్కాలి. నొక్కేది తనేనని, అయితే పైనుంచి ఉత్తర్వు రావాలని చెప్పి, అతను మంచినీళ్ళు అడిగి రెండు గ్లాసులు తాగాడు.

"మా ఇంట్లో కుళాయి రాక తొమ్మిది రోజులైందండి. మా అమ్మ కాగితం ఇచ్చొచ్చింది. రేపు రమ్మన్నారట."

ఏ కిటికీ దగ్గరని రేపుగారు అడగలేదు. లోపలికి వెళ్ళి మూడో గ్లాసు తెచ్చి ఇచ్చారు.

శుక్రవారం పదిన్నరకే ఆవిడ ఇస్త్రీబట్టలు కట్టుకుని తెర ముందు కూర్చుంది. ఎర్రదీపం ఎర్రగానే ఉంది. పదకొండు దాటింది. పదకొండూ ఐదుకి ఆవిడ ఫోను మోగింది. మీరు తెరమీద కనబడటం లేదేమని ఇంటర్వ్యూ పెద్దలు అడిగారు. రేపుగారు కళ్ళు మూసుకున్నారు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. నోరు తెరిచింది. కాని నాలుగు రోజులుగా చెవుల్లోకి దిగినదంతా ఏడుపు కంటే ముందు బయటికొచ్చేసింది.

"మీకు కలిగిన అసౌకర్యానికి ఎంతో చింతిస్తున్నాము సార్. నేను మీకు కనబడకపోవడం మా దృష్టికి వచ్చింది. మీరు మాకు ఎంతో విలువైనవారు. ఇరవై నాలుగు గంటల్లో తప్పకుండా కనబడతాను. ఈలోగా నేను కనబడలేదని మీరు రాతపూర్వకంగా ఇస్తే, ఆ రాత నాకు కనబడగానే చర్య తీసుకుంటాను. మీ ఓపికకు ధన్యవాదాలు."

అవతల కుర్చీలు జరిగిన చప్పుడు. ముగ్గురు పెద్దలూ గౌరవంతో లేచి నిలబడ్డారని ఆ తర్వాత తెలిసింది. శిక్షణ కూడా అక్కర్లేదు, సోమవారమే చేరిపొమ్మన్నారు. పని అంతా ఫోనులోనే గనక ఇంట్లో నెట్ ఉండనవసరం లేదన్నారు. రేపుగారు ఆనందంతో గదిలో ఒక చుట్టు చుట్టి వచ్చారు.

సోమవారం రెండో నంబరు కిటికీ ముందు లైన్‌మన్ నిలబడ్డాడు. నీలం చొక్కా లేదు, ఎర్రచొక్కా లేదు, నలిగిన ఇంటి చొక్కా. చేతిలో కాగితం. ఇద్దరూ ఒకరినొకరు గుర్తుపట్టి ఒక్క క్షణం నేలచూపులు చూశారు. రేపుగారు ఒక్క నిమిషమని వేలు చూపించి, తన ఎర్రదీపం సంగతి కనుక్కోవడానికి కొత్త కంపెనీకి ఫోను కలిపారు.

"నమస్కారం సార్, మీకు ఎలా సహాయపడగలను?"

ఆ గొంతుతో ఆయన పాతికేళ్ళు కాపురం చేశారు.

"నేనేనే."

"మీరేనని నిర్ధారించడానికి మీ తల్లిగారి పేరు చెప్పండి సార్."

"మా అమ్మ పేరు నీకు తెలీదా?"

"ఈ సంభాషణ రికార్డవుతోంది సార్."

ఆయన తల్లి పేరు చెప్పారు. పచ్చదీపం ఎప్పుడు వెలుగుతుందని అడిగారు. అవతల కాసేపు వేణునాదం వినిపించింది.

"రేపు ఫోను చెయ్యండి సార్" అంది ఆవిడ.

ఆయన ఫోను పెట్టేసి లైన్‌మన్ కాగితం పుచ్చుకుని ముద్ర గుద్దారు. ఒక మర తిప్పితే అతని ఇంటికి నీళ్ళొస్తాయని ఆయనకి తెలుసు. ఒక మీట నొక్కితే ఈయన ఇంట్లో పచ్చదీపం వెలుగుతుందని అతనికి తెలుసు.

"రేపు రండి" అన్నారు రేపుగారు.

"మీ లైను కూడా రేపేనండి" అన్నాడు లైన్‌మన్.

ఎవరూ ఎవరినీ తప్పుపట్టలేదు. ఇది చదివి మీరు నవ్వుకుని ఉంటారు, మంచిదే. నవ్వడం అయ్యాక ఒకసారి తలెత్తి చూడండి. మీ కిటికీ ముందు కూడా కాగితం పట్టుకుని ఎవరో చాలాసేపటినుంచి నిలబడి ఉన్నారు.