డాక్టరమ్మ చెయ్యి

ఆ శనివారం పొద్దున భీమశంకరం పెట్టుకున్న పనులు రెండే. ఇండియన్ స్టోరుకు వెళ్లి పెరుగు, కరివేపాకు తేవడం. పదకొండింటికి భార్యకు రక్తపరీక్ష చెయ్యడానికి ఇన్సూరెన్సు నర్సు వచ్చేసరికి ఇంట్లో ఉండడం. ప్రాజెక్టు పోయి నాలుగు నెలలుగా ఖాళీగా కూర్చున్న మనిషికి రెండు పనులంటే ఎక్కువే. 2009లో అమెరికాలోని పార్సిప్పనీ అపార్టుమెంట్లలో అలా కూర్చున్న మగవాళ్లకు కొదవ లేదు గానీ, పళ్లడాక్టరు మొగుడిగా కూర్చున్నవాడు అతనొక్కడే.

భార్య జ్ఞానప్రసూన పనిచేసే క్లినిక్కు ఒక ముసలి డాక్టరుది. ఆయన రిటైరవుతూ క్లినిక్కును ఆమెకే అమ్ముతానన్నాడు. కొనడానికి అప్పిచ్చే బ్యాంకు ఒక మెలిక పెట్టింది. రేపు జబ్బుచేసో, చెయ్యి పడిపోయో ఆమె పని చెయ్యలేకపోతే నెలనెలా డబ్బులిచ్చే డిజెబిలిటీ పాలసీ ఉండాలి. నెలాఖరులోగా అది రాకపోతే క్లినిక్కు ఇంకెవరికో పోతుంది.

ముందురోజు సాయంత్రం ఏజెంటు వీరభద్రరావు వచ్చి గంటసేపు బోధించాడు.

"మేడంగారికి ఓన్ ఆక్యుపేషన్ పాలసీ తీసుకోవాలండీ. రేపు పళ్లు పీకలేకపోయారనుకోండి, కాలేజీలో పాఠాలు చెప్పి సంపాదించుకుంటున్నా సరే, కంపెనీ డబ్బులిస్తుంది."

"పని చేస్తున్నా ఇస్తారా?" అన్నాడు శంకరం.

"ఇస్తారు."

"చెయ్యకపోతే?"

"అప్పుడూ ఇస్తారు."

"నేనిప్పుడు చెయ్యట్లేదు కదండీ. మరి నాకు?"

"మీకు చేతులు బాగానే ఉన్నాయి కదండీ!" అని వీరభద్రరావు ఫైలు మూశాడు. "ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ముందునుంచే ఉన్న జబ్బులకి కవరేజీ ఉండదు. పాలసీ వచ్చేదాకా ఎక్కడా నోరు జారకండి."

రాత్రంతా ఆలోచించినా శంకరానికి ఒక్క ముక్క ఎక్కలేదు. పొద్దున ప్రసూన ఎడంచేత్తో కారు తాళాలు విసిరి, "త్వరగా వచ్చెయ్యండి. రక్తం తీసేదాకా నేనేం తినకూడదు," అంది.

స్టోరులో వంకాయలు ఏరుతూ ఉమామహేశ్వరిగారు కనిపించారు. పార్సిప్పనీ తెలుగువాళ్లకు ఆవిడ పెద్దదిక్కు. ఆవిడ ఇంట్లో ఉన్న అయిదుగురి పళ్లూ ప్రసూన చేతిలోనే ఉన్నాయి. అనుమానం తీర్చుకుందామని శంకరం దగ్గరకు వెళ్లాడు.

"మీ ఇంట్లో ఎవరికైనా డిజెబిలిటీ ఇన్సూరెన్స్ ఉందాండీ?"

ఆవిడ చేతిలో వంకాయ కింద పడింది. "డిజెబిలిటీయా? ఎవరికి నాయనా?"

"మా ప్రసూనకండీ. చేతులు కదండీ ముఖ్యం."

"ఏ చెయ్యి?"

"ఇంకేదండీ, పనిచేసే చెయ్యి. కుడిచెయ్యే. ఎక్కడా అనొద్దన్నారు, మీరూ అనకండి."

"నా నోట్లోంచి ఒక్క ముక్క బయటికి రాదు," అన్నారు ఆవిడ. ఆవిడ మాట తప్పలేదు. ముక్కలుగా రాలేదు, మొత్తంగా వచ్చింది.

శంకరం పెరుగు కొనుక్కుని ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. ఎదురు బ్లాకు సుమతి.

"అన్నయ్యగారూ, సోమవారం మా పాపకి అపాయింట్‌మెంట్ వద్దులెండి. పాపం డాక్టరుగారికి చేతులు వణుకుతున్నాయట కదా!"

"ఎవరన్నారండీ?"

"అందరూ అంటున్నారు," అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఉద్యోగం పోయినప్పుడు నాలుగు నెలల్లో ఒక్కడూ ఫోను చెయ్యలేదు. చెయ్యి పోయిందనగానే గంటలో ఏడు ఫోన్లు వచ్చాయి. మనవాళ్లకి ఎదుటివాడి జబ్బులో ఉన్న తీపి ఇంక దేంట్లోనూ ఉండదు.

పదిన్నరకు ఉమామహేశ్వరిగారే దిగారు, చంకలో నూనె సీసాతో, చేతిలో కట్టుగుడ్డతో.

"ఆంటీ, నాకేం లేదు!" అంది ప్రసూన.

"మా మరిదీ అలాగే అన్నాడమ్మా, మంచాన పడేదాకా. ఏదీ, చెయ్యివ్వు."

ఖాళీ కడుపుతో నీరసంగా ఉన్న ప్రసూన దండం పెట్టినంత పని చేసి, వదిలించుకుందామని ఒక చెయ్యి చాపింది. ఉమామహేశ్వరిగారు దాన్ని పక్కకు నెట్టారు. "పెద్దవాళ్లకి ఎడంచెయ్యి ఇస్తావేంటమ్మా! పనిచేసే చెయ్యివ్వు."

ప్రసూన కుడిచెయ్యి ఇచ్చింది. అయిదుగురు పేషెంట్ల మొహం చూసి ఇచ్చింది. పది నిమిషాల్లో ఆ చెయ్యి వేళ్లదగ్గర్నుంచి భుజందాకా నూనె ఓడుతూ, కట్టులోకి వెళ్లిపోయింది.

సరిగ్గా అప్పుడే తెలుగు సంఘం సెక్రటరీ శ్రీధర్ పూలగుత్తితో వచ్చాడు. "గ్రూప్‌లో మెయిల్ పెట్టేశానండీ. 'డాక్టరమ్మకి చేయూత.' రెస్పాన్స్ అదిరిపోయింది!"

"తీసెయ్యండి!" అని శంకరం అంటూ ఉండగానే బెల్లు మోగింది. నర్సు.

గది నిండా నూనె వాసన. సోఫాలో కట్టు కట్టిన పళ్లడాక్టరు. నర్సు కళ్లద్దాలు సవరించుకుని, చేతికేమైందని ఇంగ్లీషులో అడిగింది.

"ఏం లేదు," అంది ప్రసూన.

"చాలా పెద్ద సమస్య," అన్నాడు శ్రీధర్ గంభీరమైన ఇంగ్లీషులో. "ఆమె ఇంక పళ్లు పీకలేరు. మా సంఘం ఆమెకు అండగా ఉంది."

శంకరం గాభరాపడిపోయాడు. "కాదు మేడమ్! చేతికేం లేదు. ఇదంతా పాలసీ కోసమే!"

నర్సు కలం ఒక్కక్షణం ఆగింది. తర్వాత చాలాసేపు ఆగలేదు.

ఆ తర్వాత పదిహేను రోజులూ శంకరం సరిగ్గా అన్నం తినలేదు. నెలాఖరుకు రెండు రోజుల ముందు కవరు వచ్చింది. విప్పి, రెండుసార్లు చదివి, కుర్చీలో కూలబడ్డాడు.

"అయిపోయింది ప్రసూనా. పాలసీ ఇచ్చారు గానీ కుడిచేతికి, కుడిభుజానికి ఏమొచ్చినా పైసా ఇవ్వరట. నీ బతుకు బుగ్గిచేశాను."

ప్రసూన కాగితం తీసుకుని చదివింది. నవ్వడం మొదలుపెట్టి, ఆపుకోలేక నేలమీద కూర్చుంది.

"బ్యాంకువాళ్లకి ఏదో ఒక పాలసీ ఉంటే చాలట, నిన్ననే అడిగాను. ఇంక దేనికి ఏడుపు?"

"కుడిచెయ్యి లేని పాలసీ ఎందుకే? అది పనిచేసే చెయ్యి!"

"మీరు ఒక్కసారైనా నా క్లినిక్‌కి వచ్చారా?"

"నాకు పళ్లడాక్టర్లంటే భయమని నీకు తెలుసుగా."

"నేను డ్రిల్ పట్టేది ఎడంచేత్తోనండీ. తినడానికి, రాయడానికి, పెద్దవాళ్లకి ఏదన్నా ఇవ్వడానికి కుడిచెయ్యి. మా నాయనమ్మ వేళ్లమీద కొట్టి నేర్పింది. డెంటల్ కాలేజీలో నాయనమ్మ లేదుగా! కుడిచేత్తో అద్దం పట్టుకుంటాను, అంతే. అది పోతే పట్టుకోడానికి అసిస్టెంట్ ఉంది."

శంకరం నోరు తెరిచాడు. "మరి ఇంట్లో నాకెప్పుడూ..."

"పదకొండేళ్లనుంచి కూరలు ఏ చేత్తో తరుగుతున్నానో చూళ్లేదా?"

శంకరం నిజంగానే గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. "నేను వంటింట్లోకి ఎప్పుడొచ్చాను?" అన్నాడు.

ఆ సాయంత్రం పాలసీ అందిందని వీరభద్రరావుకు ఫోను చేసి, జరిగిందంతా చెప్పి, మిగిలిపోయిన అనుమానం ఒకటి అడిగాడు. "పెళ్లాం ఏ చేత్తో పనిచేస్తుందో మొగుడికి తెలియకపోవడం కూడా డిజెబిలిటీ కిందికి వస్తుందాండీ?"

వీరభద్రరావు ఏజెంటు గొంతుతోనే జవాబిచ్చాడు.

"వస్తుందండీ. కానీ అది ముందునుంచే ఉన్న జబ్బు కదా, కవరేజీ ఉండదు."