బీరువాలో చెవుల మిషను

పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్షా? శుద్ధ దండగండీ! ఆ మిషను బీరువాలో తాళం వేసి ఉండటమే అందరికీ క్షేమమని నా గట్టి నమ్మకం.

చింతపల్లి దగ్గర కొండమీద ఉండే రమణి కొడుకునే చూడండి. గుంటడికి ఏడు నెలలు. ఘాట్ రోడ్డులో జీపు హారన్ కొట్టినా నిద్ర లేవడు. సంతలో మైకు పక్కనే అరిచినా లేవడు. ఎంత బుద్ధిమంతుడో అని ఊరంతా ఒకటే మెచ్చుకోలు! అలాంటివాడి చెవిలో గొట్టాలు పెడతారా?

ఆసుపత్రిలో పుట్టినప్పుడే పెట్టాలన్నారు లెండి. నిద్రలో ఉండగానే అయిపోతుందట. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వైద్యమట. ఏమిటా తొందర? అదృష్టం బాగుండి, బీరువా తాళం చూసుకునే ఉద్యోగి దాన్ని జేబులో వేసుకుని డెప్యుటేషన్ మీద కొండ దిగిపోయాడు. "మళ్ళీ రామ్మా" అన్నారు. రమణి నెల తిరక్కుండా బిడ్డనెత్తుకుని మళ్ళీ వెళ్ళింది. తాళం మాత్రం కొండెక్కలేదు.

పోనీండి, మన దగ్గర అంతకన్నా గొప్ప పరీక్ష ఉంది! పిలిస్తే తల తిప్పడేమిటని రమణికి లోలోపల ఒకటే బెంగ. అందుకని పండగనాడు బిడ్డను వీపున కట్టుకునే థింసా ఆడింది. డప్పు మోగగానే గుంటడు కాళ్ళు తెగ ఆడించాడు.

"సూసినావా? ఇనబడకపోతే కాళ్ళెలాగాడిస్తాడేటి?" అంది అత్త సోములమ్మ. పరీక్ష పాస్! కరెంటు అక్కర్లేదు, తాళం అక్కర్లేదు.

రమణి అంతటితో ఊరుకుంటే బాగుండేది. ముడి విప్పి, బిడ్డను గుడ్డ ఊయలలో వేసింది. "ఇప్పుడు కొట్టు మావా" అని డప్పు భీముణ్ణి అడిగింది. అతను తలాపున నిలబడి వాయించాడు. గుంటడు కాలు కూడా కదపలేదు. ఇందాక వాడికి తెలిసింది డప్పు కాదు, ఆడుతున్న తల్లి వీపు. రమణికి ఏడుపు ఆగలేదు. సోములమ్మ కూడా కళ్ళొత్తుకుని, "లెగు, బేగి జీపెక్కు" అంది.

ఆసుపత్రిలో సిబ్బంది చీవాట్లు పెట్టారు. "ఏడు నెలలు ఏం చేస్తున్నావమ్మా? నెలలోపే తేవాలని తెలీదా?"

"ఇక్కడే పుట్టినాడండి. మళ్ళీ తెచ్చినాను కూడా. తాళం నేదన్నారు," అంది రమణి, గదిలో అందరికీ వినబడేలా.

ఒక్కరూ తల తిప్పలేదు.

అందుకని నా వాదన కాస్త సవరించుకుంటున్నానండీ. బీరువా పగలగొట్టయినా ఆ మిషను బయటికి తీయండి. గుంటడికి పెట్టాక, ఆ గదిలో ఉన్నవాళ్ళకీ ఒకసారి పెట్టండి!