మూటలో పురుగు

పందొమ్మిదివందల అరవైరెండు వేసవిలో ఒక ఉదయం, బుచ్చిరెడ్డిపాలెంలో పెంచలకోనకు బస్సెక్కుతూనే రాఘవమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. మొక్కు మామగారిదైనా, కొండమీద వంటలో పేరు మాత్రం తనకే రావాలి. అత్తగారు పోయాక వంటింటి పెత్తనం ఏ కోడలికివ్వాలో మామ వెంకయ్య ఇంకా తేల్చలేదు. "కొండమీద రాత్రి భోజనం తిని చెప్తా" అన్నాడు. చిన్నకోడలు చెంచులక్ష్మి కాపురానికొచ్చి ఏడాదైనా కాలేదు. అయినా ఆమె నీళ్ళు కాచినా వెంకయ్య బాగున్నాయనేవాడు. వింటుంటే రాఘవమ్మకు ఒళ్ళు మండిపోయేది.

దర్శనమై, పొద్దుగూకాక వాగు పక్కన మూడురాళ్ళ పొయ్యిలు రెండు పెట్టారు. చెంచులక్ష్మి పొయ్యి భగ్గున మండింది. ఆమె పప్పు దించి అన్నానికి ఎసరు పెట్టింది. రాఘవమ్మ పొయ్యి మాత్రం వంకాయ పులుసు కింద పొగలు కక్కుతోంది.

"అబ్బ, ఏం వాసన!" అన్నాడు ఆమె భర్త రంగనాయకులు, చెంచులక్ష్మి పొయ్యివైపు చూస్తూ.

"ఏమయ్యా, నీ ముక్కన్నా ఇటు తిప్పు!"

"అక్కా, నా మూటలోంచి ఇంకో గుప్పెడు బియ్యం తెచ్చిస్తావా?" అంది చెంచులక్ష్మి.

రాఘవమ్మ మూట విప్పింది. గింజల మధ్య ఒక నల్లపురుగు పాకుతోంది. ఆమె ప్రాణం లేచొచ్చింది. దూరంగా బండమీద కూర్చున్న మామకు వినపడేలా అరిచింది. "మామా! చెంచులక్ష్మి మూటలో పురుగుండాది!"

చీకటిపడ్డాక ఆ వైపు ఎవరూ పాము అనరు, పురుగనే అంటారు. ఆ సంగతి ఆమెకు అరిచాక గుర్తొచ్చింది.

వెంకయ్య పై బండ ఎక్కేశాడు. పక్కన వండుకునేవాళ్ళు గిన్నెలు వదిలేసి పరిగెత్తారు. రంగనాయకులు పామును కొట్టడానికి భార్య పొయ్యిలోంచే కట్టె లాగాడు. రాయి కదిలి, పులుసంతా బూడిదపాలైంది.

"అది కాదయ్యా! ఉత్త పురుగు!"

"ఎంత పొడుగుండాదమ్మా?" పైనుంచి వెంకయ్య.

"నువ్వుగింజంత మామా!"

"పిల్లదైతే తల్లి పక్కనే ఉంటది!" అంటూ ఆయన ఇంకో బండెక్కాడు.

చెంచులక్ష్మి బియ్యాన్ని పళ్ళెంలో పోసి, పురుగును వేలితో పైకెత్తింది. "ఇదా అక్కా?"

వెంకయ్య మెల్లగా దిగొచ్చాడు. పురుగును చూశాడు, పెద్దకోడలిని చూశాడు.

"ఇంత పొగలో, ఇంత చీకట్లో దీన్ని పట్టినావంటే నీయి మామూలు కళ్ళు కావు తల్లీ! ఇంకనుంచి మనింట్లో బియ్యం ఏరేది నువ్వే. వంటిల్లు చిన్నమ్మి చూసుకుంటది."

రాఘవమ్మ తనకు ఆకలి లేదంది. అందరూ బతిమాలితే విస్తరి ముందు కూర్చుంది. మొదటి ముద్దకే ఆమెకు ఏడుపొచ్చింది. పప్పు నిజంగానే బాగుంది.