వీపీఎన్ తెగితేనే కాపురం

వీపీఎన్ కనెక్ట్ కాకపోవడమంత మేలు సంసారికి మరొకటి లేదు. నవ్వకండి! తాండూరులో దశరథ్, నాగరాణి అని ఆలుమగలున్నారు. వాళ్ల సంగతి విన్నాక కూడా నవ్వొస్తే అప్పుడు నవ్వండి.

వీపీఎన్ అంటే ఏమిటో తెలియని అదృష్టవంతుల కోసం ముందుగా ఒక మాట. ఇంట్లో కూర్చున్న ఉద్యోగిని కంపెనీ లోపలికి పంపే చాటుదారి అది. దారికి తలుపుంది, తలుపుకు తాళముంది, తాళానికి తిక్క ఉంది.

దశరథ్‌ది హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాగరాణి తాండూరులో టీచరు. పెళ్లయ్యాక చాలాకాలం వాళ్ల కాపురం ఆదివారం ఆదివారం వికారాబాద్ స్టేషన్‌లోనే సాగింది. అటు నుంచి అతను, ఇటు నుంచి ఆమె వచ్చి, బెంచీ మీద చాయ్ తాగుతూ వారం రోజుల కబుర్లు సగం చెప్పుకునేలోపు రైలొచ్చేది.

చివరికి కంపెనీ కరుణించింది. తాండూరు నుంచే పని చేసుకో, లాగిన్ కాలేకపోతే మాత్రం సిటీకి వచ్చేయ్ అంది. కరుణతో పాటు స్టోర్‌రూంలో మూలుగుతున్న పాత డెస్క్‌టాప్ ఒకటి అంటగట్టింది.

అది మొదటిరోజే మొరాయించింది. 'కనెక్షన్ ఫెయిల్డ్' అని తెర మీద పడగానే దశరథ్‌కు ఆ స్టేషన్ బెంచీ కళ్లముందు మెదిలింది. హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశాడు. రీస్టార్ట్ చేయమన్నారు, చేశాడు. వీపీఎన్ తీసేసి మళ్లీ ఎక్కించమన్నారు, ఎక్కించాడు. రూటర్ ఆర్పి వెలిగించాడు. "అయితే టికెట్ రెయిజ్ చేయండి" అన్నారు. ఆ ఫిర్యాదు రాయాల్సింది ఎక్కడ? కంపెనీ పోర్టల్‌లో. అది తెరుచుకోవాలంటే? వీపీఎన్ కనెక్ట్ కావాలి! బావిలో పడ్డవాణ్ని పైకొచ్చి తాడు తీసుకెళ్లమన్నట్టుంది.

నేను చెప్పే మేలు ఇక్కడే మొదలైంది. కనెక్షన్ లేని ఆ నాలుగు రోజులు ఆలుమగలు సాయంత్రాలు కలిసి కూర్చుని కందిపప్పు ఏరారు. బండి మీద కోట్‌పల్లి ప్రాజెక్టు దాకా పోయొచ్చారు. ఆమెకు వంకాయ పడదని అతనికి, అతను నిద్రలో మాట్లాడతాడని ఆమెకు పెళ్లయిన ఇన్నాళ్లకు తెలిసింది. ఏ హెల్ప్‌డెస్క్ చేయగలదండీ ఇంత సాయం?

కానీ సుఖం ఎక్కడ నిలుస్తుంది? బడిలో రోజూ బోర్డు మీద తేదీ రాసే మనిషి కాబట్టి, తెర మూల నాగరాణి కంటబడింది.

"గిదేంది, నీ కంప్యూటర్‌ల ఇంకా 2009 నడుస్తున్నది?"

అదీ రోగం. లోపలుండే బిళ్ల బ్యాటరీ చచ్చిపోయింది. ప్లగ్గు పీకితే చాలు, కంప్యూటర్ తేదీ మరిచిపోయి 2009కి వెళ్లి కూర్చుంటుంది. ఆ తేదీ చూసిన వీపీఎన్, నా సర్టిఫికెట్ ఇంకా పుట్టనేలేదు పొమ్మంటోంది. దశరథ్ కొత్త బిళ్ల తెచ్చి వేసి, తేదీ సరిచేశాడు. తెర మీద వీపీఎన్ పచ్చదీపం వెలిగింది. నాగరాణి చప్పట్లు కొట్టింది, పాపం.

పాపం ఎందుకంటే, షిఫ్టు ఆరింటికి అయిపోవాలి. దీపం పచ్చగా ఉంది కదా, ఒక్క చిన్న కాల్ అంటాడు మేనేజరు. ఆరు ఏడవుతుంది, ఏడు తొమ్మిదవుతుంది. అన్నం కంప్యూటర్ దగ్గరికే వెళుతుంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని తలుపుకు ఇటు నుంచి ఆమె వాట్సాప్ చేస్తే, అటు నుంచి బొటనవేలు బొమ్మ వస్తుంది.

ఒక సాయంత్రం ఆమె తలుపు తీసింది. "వికారాబాద్ స్టేషన్లనే మంచిగుండె. రైలొచ్చేదాక నా దిక్కు చూస్తుంటివి."

దశరథ్ తలూపాడు. ఆమె అన్నది నిజమే, పైగా చెవిలో మేనేజరు మాట్లాడుతున్నాడు.

మర్నాటి నుంచి ఆరు కొట్టగానే ఆ ఇంట్లో కరెంటు పోవడం మొదలైంది. వచ్చేసరికి కంప్యూటర్ 2009లో ఉంటోంది. మేనేజరు ఫోన్ చేస్తాడు.

"కరెంటు లేదంటున్నావు, మరి ఆ గర్రుమనే చప్పుడేంటి?"

"పక్కోళ్ల బండలు పాలిష్ చేసే మిషన్ సార్. వాళ్లది వేరే లైను."

వేరే లైనేమీ కాదు, ఒకటే స్తంభం. కొత్త బిళ్ల ఏమైందని అడుగుతారా? ముందు నా ప్రశ్నకు జవాబు చెప్పండి. 2009లో ఆగిపోయిన కంప్యూటర్‌కు తాండూరు బజార్లో బిళ్ల దొరికింది. ఆరు కొట్టడం మరిచిపోయిన కంపెనీ గడియారానికి ఏ దుకాణంలో దొరుకుతుంది?

రోజూ పొద్దున షిఫ్టుకు ముందు నాగరాణి చాయ్ తెస్తుంది. సాసర్‌లో కప్పు పక్కన, ముందురోజు ఆరింటికి తను తీసి దాచిన ఆ బిళ్ల ఉంటుంది. దశరథ్ దాన్ని తీసుకుని కంప్యూటర్‌లో పెట్టి, తేదీ సరిచేసుకుంటాడు.