రంగు తుపాకికి ఛార్జింగ్, కుట్టు మిషన్‌కు సెలవు

బ్యాటరీ దిగిపోయిందని విసుక్కునే వాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. మనుషుల్ని మనుషులతో కలపాలని పెళ్లిళ్లు, పండుగలు, ఎన్నికలు ఎంతో ప్రయత్నించి చేతులెత్తేశాయి. ఆ పని దిగిపోయిన బ్యాటరీ చేసి చూపించింది! నమ్మకం లేకపోతే ప్రొద్దుటూరులో వలి బాషాను అడగండి. ఇంటికి మాత్రం పిలవకండి. ఎందుకో చెబుతాను.

వలి బాషా ఏళ్ల తరబడి కువైట్‌లో డ్రైవరుగా చేసి వచ్చినవాడు. అక్కడ సేటు కొడుకులు పెయింట్‌బాల్ ఆడుతుంటే చూశాడు. రంగు నింపిన గుళ్లను తుపాకితో ఒకరి మీద ఒకరు కాల్చుకునే ఆట అది. గండికోట చూడ్డానికి జనం ఎలాగూ వస్తారు కదా అని, తిరిగొచ్చాక జమ్మలమడుగు రోడ్డులో ఒక బీడు కౌలుకు తీసుకున్నాడు. పాత టైర్లు, డ్రమ్ములు అడ్డం పెట్టి గ్రౌండు తెరిచాడు. తుపాకి పేరు చెబితే తలుపులేసుకున్న సీమలో టికెట్టు కొని మరీ కాల్పించుకునే రోజులొచ్చాయంటే, అభివృద్ధి అంటే ఇంకేమిటండీ?

ఆ తుపాకులు ఎలక్ట్రానిక్‌వి. గుండును తోసేది గ్యాసే అయినా, ట్రిగ్గర్ మాట వినాలంటే పిడిలో ఉండే బ్యాటరీ ప్యాకులో ప్రాణం ఉండాలి. గ్రౌండుకేమో కరెంటు లేదు. స్తంభం కోసం పెట్టుకున్న అర్జీ ఏ బల్ల మీద కునుకు తీస్తోందో ఆ దేవుడికే తెలియాలి. అందుకని బ్యాటరీలన్నీ ఇంటికే వచ్చాయి.

ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కువైట్ నుంచి తెచ్చుకునే ఫ్రిజ్జుకూ ఇస్త్రీ పెట్టెకూ చదరపు పిన్నులుంటాయి. మన గోడకు పట్టవు. తెలివైనవాడు పిన్ను మార్పిస్తాడు. వలి బాషా గోడలనే మార్పించాడు! ఇల్లు కట్టేటప్పుడు కువైట్ సాకెట్లు సంచీ నిండా తెచ్చి గదిగదికీ బిగించాడు. ఒక్క సాకెట్ మాత్రం మన దేశానిది. భార్య ఖమ్రున్నీసా తన కుట్టు మిషన్ మోటారు కోసం పట్టుబట్టి కిటికీ పక్కన పెట్టించుకుంది. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లకు ఆమె జాకెట్లు కుడుతుంది. గ్రౌండు నిలదొక్కుకునేదాకా ఇల్లు గడిచేది ఆ జాకెట్ల మీదే.

ఇక బ్యాటరీలు చేసిన మేలు చూడండి. తుపాకులతోపాటు కువైట్ నుంచి తెప్పించిన ఛార్జర్లకూ చదరపు పిన్నులే కాబట్టి ముందు ఫ్రిజ్జు ఊడింది, తర్వాత మిక్సీ ఊడింది, టీవీ ఊడింది. పచ్చడి రోట్లో నూరారు, రుచి పెరిగింది. టీవీ లేక మొగుడూ పెళ్లాలు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారన్నది మనకెందుకు! ప్యాకులు వేడెక్కకూడదని వాటిని ఫ్యాను కింద పరుపు మీద పడుకోబెట్టి వీళ్లు వరండాలో చాప పరుచుకున్నారు. ఆరోగ్యానికి చాప ఎంత మంచిదో డాక్టర్లను అడగండి.

ఇంట్లో సాకెట్లు చాలకపోతే చుట్టాలు గుర్తొచ్చారు. చదరపు పిన్నును మన గోడకు కలిపే అడాప్టర్ గల్ఫ్‌కు మనిషిని పంపిన ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. వేంపల్లెలో మేనత్త హఫీజా, ఏళ్లుగా గడప తొక్కని మేనల్లుడు పదేపదే వస్తున్నాడని కళ్లనీళ్లు పెట్టుకుని బిర్యానీ వండింది. సలాం చెప్పకముందే సంచీ విప్పి గోడలు వెతుకుతున్నాడని ఆ పిచ్చితల్లి గమనించనే లేదు. పులివెందులలో ఒకరింటికి పరామర్శకు వెళ్లి, తలవంచుకుని గోడ కిందివైపే చూస్తూ కూర్చున్నాడు. కన్నకొడుకుల కంటే ఎక్కువ కుమిలిపోతున్నాడని ఊరంతా చెప్పుకున్నారు. ఇంత అనురాగాన్ని ఏ పండుగ పుట్టించగలదు?

అంతలో ఎడతెగని ఛార్జింగ్ వేడికి ప్యాకులన్నీ ఉబ్బిపోయాయి. ప్రొద్దుటూరులో ఎమర్జెన్సీ లైట్లు బాగుచేసే నూరుల్లా కొత్త సెల్లులు అతికించి ప్యాకులు కట్టిచ్చాడు. పాత ఛార్జర్లు వీటికి పనికిరావని చెప్పి కొత్తవి కూడా ఇచ్చాడు. ఎర్ర లైటు ఆరేదాకా పీకొద్దని మరీమరీ చెప్పి పంపాడు. ఆ ఛార్జర్లకు మన దేశపు పిన్ను ఉంది. ఇంట్లో మన దేశపు సాకెట్ ఒక్కటే ఉంది. కథ మీకు అర్థమైపోయింది!

అప్పుడు దసరా దగ్గర పడుతోంది. బట్టల అంగడి నారాయణ ఖమ్రున్నీసాకు మూటెడు జాకెట్లు అప్పగించి, పండుగలోపల అందకపోతే ఇకమీదట పని ఇంకొకరికి ఇచ్చుకుంటానని ముందే చెప్పాడు. ఆమె వంట ముగించి మిషన్ దగ్గరికొచ్చేసరికి మోటారు వైరు నేల మీద పడి ఉంది. దాని చోట్లో ఎక్స్‌టెన్షన్ బాక్సు, దాని నిండా ఛార్జర్లు, ప్రతి ఛార్జర్‌కూ ఒక ఎర్రకన్ను.

"నా మిషన్ యాడ పెట్టుకోవాల?" అని ఆమె అడిగింది.

ఇల్లంతా సాకెట్లే కదా అన్నాడు వలి బాషా. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టు, ఆ సాకెట్లలో ఒక్కటీ ఆమె మిషన్‌కు పట్టదు. దానికి కావలసిన తిరగేసిన అడాప్టర్ ఊళ్లో ఎక్కడా అమ్మరు. అమ్మితే కొనేదెవరు? గోడకు కువైట్ సాకెట్ బిగించుకున్న మహానుభావుడు ఇంకొకడు పుట్టలేదు.

ఆమె ఎర్ర లైటు ఆరుతుందని చూసింది. అది ఆరలేదు. పోనీ గ్రౌండు కిటకిటలాడుతోందా అంటే, ఆదివారం ఇడుపులపాయ నుంచి ఇద్దరు కుర్రాళ్లు వచ్చి, తుపాకి పట్టుకుని సెల్ఫీ దిగి, గండికోటకు దారి అడిగి వెళ్లిపోయారు. అయినా వాడకుండా పెడితే ప్యాకులు పాడవుతాయని వలి బాషా గాల్లోకి కాల్చి బ్యాటరీ దించేవాడు. దించింది మళ్లీ ఎక్కించేవాడు. తపస్సంటే అదీ!

"నీదేముందిలే, చేత్తో కుట్టుకో. నాది బిజినెస్సు" అన్నాడు చివరికి.

ఖమ్రున్నీసా నేల మీది మోటారు వైరు చుట్టింది. మిషన్‌నూ జాకెట్ల మూటనూ ఆటోలో వేసుకుని నేరుగా నారాయణ అంగడికి పోయింది. ఆయన ఒక మూల ఖాళీ చేయించి సాకెట్ చూపించాడు. పండుగలోపల జాకెట్లన్నీ అయిపోయాయి. పనితనం కళ్లారా చూసిన నారాయణ, ఇకమీదట ఇక్కడే కూర్చుని కుట్టమ్మా అన్నాడు. ఇదీ బ్యాటరీ మహిమే! నేను మొదటి నుంచీ చెబుతున్నది ఇదే కదా?

పండుగ ముందురోజు వలి బాషా ఆమెను వెతుక్కుంటూ అంగడికి వచ్చాడు. చంకలో సంచీ ఉంది. ఆమెను పలకరించబోతూ మిషన్ వైరు పక్కన ఖాళీగా ఉన్న ఇంకో సాకెట్ చూశాడు. వెంటనే మోకాళ్ల మీద కూర్చుని ఛార్జర్ బయటికి తీశాడు. నారాయణ కంగారుపడి ఈ మనిషెవరని అడిగాడు.

"మా ఇంటాయనన్నా" అంది ఖమ్రున్నీసా.

"ఏం పని చేస్తాడమ్మా?"

ఆమె మిషన్ ఆపలేదు. "ఏం చేయడన్నా. ఇంట్లోనే ఉంటాడు."

మా జిల్లాలో ఈ మాట నేను వినని ఇల్లు లేదు. వంట చేసి, గుడ్డలుతికి, మిషన్ కుట్టి, మనకు మంచినీళ్లు తెచ్చిచ్చిన మనిషిని చూపించి మొగుడు చెప్పే మాట అది. పెళ్లాం నోట వినడం నాకిదే మొదటిసారి.

వలి బాషా మొహం మాడిపోయింది. లేచి నిలబడి, తనకు జమ్మలమడుగు రోడ్డులో గ్రౌండు ఉందనీ, పెద్ద బిజినెస్సనీ గబగబా చెప్పుకొచ్చాడు. నారాయణ మంచిమనిషి. అంతా విని, ఆడవాళ్లతో మాట్లాడేటప్పుడు మనమంతా వాడే ఆ చల్లని గొంతుతో అన్నాడు:

"మంచిదే లేప్పా. ఇంట్లో ఊరికే కూర్చోకుండా నీకూ ఏదో ఒక కాలక్షేపం ఉండాల కదా."