స్విచ్‌లో పెళ్లి ఫొటోలు

మధ్యాహ్నం నమాజులోగా స్విచ్ పని ముగించి, తర్వాత నిశ్చింతగా ఒక గ్లాసు పుదీనా టీ తాగాలన్నది ఆ ఉదయం లఖ్దర్ పథకం. స్విచ్ అంటే ఆఫీసు కంప్యూటర్లన్నిటినీ కలిపే పెట్టె. అందులోకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించమని ఖర్జూరాల కంపెనీ అల్జీర్స్ కార్యాలయం అన్ని శాఖలనూ ఆదేశించింది. బిస్క్రా శాఖలో లఖ్దర్ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఖాయమైతేనే పిల్లనిస్తానని కాబోయే మామగారు కూర్చున్నాడు. ఈ పని చెడితే ఇంటికి పోవడమేనని మేనేజరు సీ మెస్సౌద్ ముందే చెప్పి ఉంచాడు.

లఖ్దర్ శ్రద్ధగా స్విచ్‌లో ఫైళ్ల బదిలీ సర్వీసు తెరిచి, పాస్‌వర్డ్ పెట్టాడు. అప్పుడే అకౌంట్స్ విభాగంలో పనిచేసే నువారా ఖర్జూరం కూరిన మక్రూద్ మిఠాయి పళ్లెం తెచ్చి ముందు పెట్టింది.

"తమ్ముడూ, నా ఫోన్ నిండిపోయింది. మా అన్నయ్య పెళ్లి ఫొటోలు ప్యాకింగ్ హాల్లో ఉన్న చెల్లికి పంపాలి. నీ పెట్టెలో కాస్త చోటిస్తావా? ఆడవాళ్ల వైపువి, పరాయి మగవాళ్లు చూడకూడనివి. నువ్వు తెరవకూడదు."

మిఠాయి అప్పటికే నోట్లో ఉంది. ఇక కాదనడం మర్యాద కాదు. తెరవనని, ఎవరినీ తెరవనివ్వనని ఒట్టు వేసి మరీ పాస్‌వర్డ్ చెప్పాడు.

మగవాడు తెరవని పెట్టె ఒకటుందన్న మాట ప్యాకింగ్ హాలంతా పాకింది. కాసేపటికల్లా అక్కడి ఆడవాళ్ల గోరింటాకు వేడుకలు, నిశ్చితార్థాలు అన్నీ స్విచ్‌లోకి చేరిపోయాయి. లఖ్దర్ కొత్త సాఫ్ట్‌వేర్ పంపబోతే, చోటు లేదని స్విచ్ ముఖం మీదే చెప్పేసింది.

"అక్కా, కొన్ని తీసేయనా?"

"ఇంకా నయం. నీ పెట్టెను నమ్మి ఫోన్లోవి చెరిపేశాను."

"పోనీ, నా కంప్యూటర్లోకి మారుస్తాను."

"మా వదిన జుట్టు విరబోసుకుని ఆడుతోంది అందులో. నీ దాంట్లోకి ఎలా వస్తుందయ్యా?"

"మీ కంప్యూటర్లోకి?"

"సాయంత్రం షిఫ్టులో దాని ముందు కూర్చునేది తాహర్. మా వదినకి తప్పిపోయిన సంబంధం."

సీ మెస్సౌద్ రాగానే లఖ్దర్ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన మరదలు కూడా ప్యాకింగ్ హాల్లోనే పనిచేస్తుంది. ఆయన చటుక్కున స్విచ్ ఉన్న బీరువా వైపు నుంచి ముఖం తిప్పుకున్నాడు.

"నువ్వు చెప్పలేదు, నేను వినలేదు. అల్జీర్స్ వాళ్లకి మాత్రం నువ్వే జవాబు చెప్పుకో," అని గోడను చూస్తూనే బయటికి నడిచాడు.

నమాజు అయ్యేసరికి అల్జీర్స్ నుంచి ఫోన్ మోగింది. పెళ్లి మీద ఆశ వదులుకుని లఖ్దర్ ఫోన్ ఎత్తాడు.

"బిస్క్రాలో నెట్‌వర్క్ పనిచేస్తోందా?"

"చేస్తోందండి. కొత్తది ఎక్కించలేకపోయాను. తప్పు నాదే."

అటువైపు పెద్ద నిట్టూర్పు వినిపించింది. "ఎక్కించకు నాయనా. అది లోపాలపుట్ట. ఎక్కించిన శాఖలన్నీ మూలపడ్డాయి, లారీలు గేట్ల దగ్గరే ఆగాయి. ఆగి ఆలోచించినవాడివి నువ్వొక్కడివే."

లఖ్దర్ ఫొటోల మాట ఎత్తకుండానే ఫోన్ పెట్టేశాడు. చెబితే వాళ్లు తెరిచి చూస్తారు, ఒట్టు ఒట్టే కదా.

ఆ వారంలోనే అతని ఉద్యోగం ఖాయమైంది, మామగారు ముహూర్తం కూడా పెట్టించాడు. ఇకపై అన్ని శాఖలూ బిస్క్రా పద్ధతినే అనుసరించాలని ఉత్తర్వు వెలువడింది. ఆ స్విచ్‌ను తెరిచి చూసి పద్ధతి నేర్చుకోవడానికి అల్జీర్స్ నుంచి ముగ్గురు ఇంజనీర్లు బయలుదేరారు, ముగ్గురూ మగవాళ్లే.